చిలకరించకుండా పంపిన ఆకులు

హైదరాబాద్,
ఆగస్టు నెలాఖరు

మావయ్యకు మనోజ్ఞ నమస్కారాలు.

ఈ థర్మోకోల్ పెట్టె చూసి కంగారు పడకు. అందులో ఉన్నవి ఖాళీ గాజు సీసాలు, మూతలు, ఒక కత్తెర, ఈ ఉత్తరం. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ, ఆఁ" అంటావు, నేను పెట్టేశాక అమ్మకి చేసి "అమ్మాయి ఏమంది?" అని అడుగుతావు. నీ ఆకుల కొట్టు ముందు ఆటోల గోలలో ఏ మాటా నీ చెవిదాకా రాదని మా అందరికీ తెలుసు. అందుకే రాస్తున్నాను, నిదానంగా చదువు.

నా కాలు సంగతి అమ్మ చెప్పే ఉంటుంది. హాస్టల్లో వరలక్ష్మీ వ్రతం భోజనాలు పెట్టారు. ఎవరో తిని నేల మీద వదిలేసిన అరిటాకు మీద కాలు వేశాను. మడమ దగ్గర ఎముక విరిగింది, ప్లేటు వేశారు. డిసెంబరు దాకా బస్సు ఎక్కొద్దన్నారు.

అసలు బాధ కాలుది కాదు. నా పీహెచ్‌డీ గడువు ఈ డిసెంబరుతో ఆఖరు. ఇప్పటికే రెండుసార్లు పొడిగించారు, ఇంక కుదరదని చెప్పేశారు. ఈ పంటకాలంలో కృష్ణా డెల్టా నుంచి ఆకులు రాకపోతే ఆరేళ్ళ చదువు చెత్తబుట్టలోకి పోతుంది. పుట్టినప్పటి నుంచి ఆకుల మధ్య బతికిన మనిషివి నువ్వు ఉండగా ఇంకొకళ్ళని అడగబుద్ధి కాలేదు.

నీళ్ళన్నీ ఒకటి కావు మావయ్యా. ఏ చెంబులో చూసినా తేలిక నీళ్ళే ఎక్కువ, బరువు నీళ్ళు చిటికెడు ఉంటాయి. రుచిలో, రంగులో తేడా తెలియదు, మా ల్యాబులో మిషన్ ఒక్కటే కనిపెడుతుంది. ఆకుకి కంటికి ఆననంత చిన్న నోళ్ళుంటాయి. ఎండెక్కితే ఆ నోళ్ళలోంచి తేలిక నీళ్ళు ముందు ఆవిరై పోతాయి, బరువువి ఆకులో మిగిలిపోతాయి. అందుకని మధ్యాహ్నం ఆకులో నీళ్ళు కాలవ నీళ్ళ కన్నా బరువుగా ఉంటాయి. ఎంత బరువన్నది ఆ మొక్క ఎండలో అన్నం వండుకునే పద్ధతిని బట్టి మారుతుంది. వరిది ఒక పద్ధతి, చెరకుది ఇంకో పద్ధతి. కలబంద మరీ విచిత్రం, పగలంతా నోరు మూసుకుని రాత్రి తెరుస్తుంది. ఈ మూడూ ఒకే ఊళ్ళో ఒకే కాలవ నీళ్ళు తాగి ఎంత తేడాగా ఉంటాయన్నదే నా పరిశోధన.

కంకిపాడులో మన రత్తయ్య గారికి మూడూ ఉన్నాయి కదా. వారానికి ఒక్కసారి వెళ్ళిరా. కలబంద తెల్లవారకముందు కొయ్యాలి, వరి, చెరకు మిట్టమధ్యాహ్నం. పోల్చి చూడ్డానికి ఒక సీసాలో కాలవ నీళ్ళు కూడా పట్టు. ముక్కలు చేసి సీసాలో వేసి మూత గట్టిగా బిగించి, ఐసులో పెట్టి, బస్టాండులో కార్గోలో వేస్తే చాలు. ఒక్కటే ప్రాణం లాంటి సంగతి. ఆకులోంచి ఒక్క చుక్క నీరు కూడా పోకూడదు.

నీ మీదే ఆశ పెట్టుకున్నాను.

మనోజ్ఞ


వన్ టౌన్, విజయవాడ,
సెప్టెంబరు

అమ్మాయ్ మనోజ్ఞా,

ముందు ఒక మాట తేల్చు. నువ్వు జారిన ఆకు ఎవరి కొట్టుది? మనదైతే బాధ్యత నాది. కానీ తిన్న ఆకు మడవకుండా లేచిపోయే జనం ఉన్నచోట ఏ కొట్టు ఆకైనా ఏం చేస్తుంది చెప్పు. మీ హాస్టలు వాళ్ళకి ఆకు ఎటువైపు మడవాలో కూడా నేర్పినట్టు లేదు.

నీ ఉత్తరం మీ శివపార్వతి అత్తయ్యకి చదివి వినిపించాను. పగలంతా నోరు మూసుకుని రాత్రి తెరిచే మొక్క దగ్గరికి వచ్చేసరికి నాకేసి అదోలా చూసింది. నువ్వు రాసింది చదివానంతే. అయినా రెండు రోజులు మజ్జిగ పులుసులో ఉప్పు లేదు.

కంకిపాడు వెళ్ళాను. రత్తయ్య గారు ముప్పై ఏళ్ళుగా మనకి అరిటాకు పంపే మనిషి కాబట్టి కాదనలేదు గానీ, సంగతి విన్నాక ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఆకులో నీళ్ళు తూకం వేస్తారా అన్నాడు. వేస్తారన్నాను. మరి పాలల్లో నీళ్ళు ఎందుకు వెయ్యలేకపోతున్నారండీ అన్నాడు. ఈసారి ఉత్తరంలో దానికి జవాబు రాయి.

రాత్రి వాళ్ళ వసారాలో పడుకుని తెల్లవారుజామున లేచాను. కలబంద ఎదురుగానే కనపడింది, గుమ్మానికి తలకిందులుగా వేలాడుతోంది. కత్తెర పెట్టబోతుంటే రత్తయ్య గారి భార్య మాణిక్యమ్మ గారు లోపలి నుంచి పరుగెత్తుకొచ్చారు. అది దిష్టికి కట్టిందట, దాని మీద చెయ్యి వేస్తే ఊరి కళ్ళన్నీ ఇంట్లోకి వస్తాయట. పెరట్లో కాలవ నీళ్ళు పారే పంటబోదె పక్కన ఉన్న దుబ్బు చూపించి, జిగురుతో నేను తంటాలు పడుతుంటే తనే తీసుకుని దానికి చెయ్యాల్సిన మర్యాద చేసి ఇచ్చారు. మంచి ఇల్లాలు.

మధ్యాహ్నం వరి, చెరకు కోశాను. చెరకు మనిషికి రెండింతలు పెరిగింది, ఆకు చేతులు కోసేసింది, ఫరవాలేదు. గవర్నర్‌పేటలో ఐసు కొని, పెట్టె నేనే స్వయంగా కార్గోలో వేయించాను.

ఒక్క చుక్క పోకూడదని రాశావు. ఆకుల సంగతి నాకు చెప్పాలా తల్లీ? వాడిన ఆకు నా చేతిలో వన్ టౌన్‌లో ఎవరూ చూడలేదు. ఒక్క చుక్క పోదు సరికదా, నీకే తెలుస్తుంది.

నీ మావయ్య
లక్ష్మీకాంత్


హైదరాబాద్,
అక్టోబరు మొదట్లో

మావయ్యా,

నాలుగు పెట్టెలూ అందాయి. సీసా మూత తీస్తే ఆకులు అప్పుడే కోసినట్టు నవనవలాడుతున్నాయి. నా పక్క బల్ల జెస్సికా తన ఆకులు చూసుకుని ఏడుపు మొహం పెట్టింది. తనవి చిత్తూరు నుంచి వస్తాయి, వచ్చేసరికి అప్పడాల్లా ఉంటాయి. మీ మావయ్యని మాకు కూడా ఇమ్మంటోంది.

అసలు సంగతి విను. మొదటి ఫలితాలు వచ్చాయి. వరి, చెరకు, కలబంద మూడూ ఒకటే అంకె. ఆ అంకె కాలవ నీళ్ళ అంకే. మధ్యాహ్నం ఎండలో కోసిన ఆకులో నీళ్ళు రవ్వంత కూడా బరువెక్కలేదు. మిషన్ పాడైందనుకుని మళ్ళీ పెట్టాను, అదే వచ్చింది. భయం వేసి మా ప్రొఫెసర్ సిద్ధార్థ గారి దగ్గరికి కుంటుకుంటూ వెళ్ళాను.

ఆయన కాగితం చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ప్రపంచమంతా మధ్యాహ్నం ఆకు బరువెక్కుతుందని నమ్ముతోంది, కృష్ణా డెల్టాలో బరువెక్కదని మనం కనిపెట్టాం అన్నారు. మీ డెల్టా గాలిలో తేమ ఎక్కువై ఆకులు ఆవిరి వదలడం మానేశాయని ఆయన సిద్ధాంతం. నా థీసిస్ మొత్తం దీని మీదే రాయమన్నారు. గడువులోపల సంతకం పెట్టే పూచీ తనదన్నారు. ఆరేళ్ళలో నన్ను చూసి ఆయన నవ్వడం ఇదే మొదటిసారి.

నువ్వు లేకపోతే నేనేమైపోయేదాన్నో. ఆపకుండా పంపుతూ ఉండు.

మనోజ్ఞ


వన్ టౌన్, విజయవాడ,
అక్టోబరు

అమ్మాయ్,

నీ ఉత్తరం కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ చదివి వినిపిస్తున్నాను. మూడు ఆకులూ ఒకేలా రావడం నాకేమీ ఆశ్చర్యంగా లేదు. మన చేతి మీదుగా వెళ్ళిన సరుకు ఎప్పుడు చూసినా ఒకేలా ఉంటుంది. దాన్ని మీ సారు ఇప్పుడు కనిపెట్టాడు, సంతోషం.

ఇక్కడ మన పరపతి పెరిగింది. ఆకుల వర్తకుల సంఘం వాళ్ళు డిసెంబరులో నాకు శాలువా కప్పుతారట. కాగితం విస్తళ్ళు వచ్చి మన వ్యాపారం దెబ్బతిన్నాక ఆకు గురించి హైదరాబాద్‌లో ఎవరో మాట్లాడుతున్నారంటేనే వాళ్ళకి ప్రాణం లేచొచ్చింది. అధ్యక్షుడు అబ్రహాము గారు స్టేజీ మీద నీ పేరు కూడా చెబుతానన్నారు.

కంకిపాడులో మాత్రం చిన్న చిక్కు వచ్చింది. మిట్టమధ్యాహ్నం గొడుగు వేసుకుని చేలో నిలబడి ఆకులు సీసాల్లో వేస్తున్నానని ఊరంతా తెలిసింది. ఏ పనీ లేకుండా ఎవడూ ఎండలో నిలబడడు కాబట్టి కొత్త రోడ్డు అటే పోతోందని తేల్చేశారు. ఆకు కోసిన చేలు రోడ్డులో పోతాయని కొందరు, కొయ్యనివి పోతాయని ఇంకొందరు. మొన్న ఒకాయన నా చెయ్యి పట్టుకుని, తన చేలో కూడా నాలుగు ఆకులు కొయ్యమని బతిమాలాడు. ఇంకొకాయన తన గట్టు మీదికి రావద్దని కుక్కని కట్టాడు. రత్తయ్య గారు ఇద్దరికీ ఏమీ చెప్పకుండా గంభీరంగా తిరుగుతున్నాడు. ఆయనకి ఇదంతా బాగానే ఉన్నట్టుంది.

అత్తయ్య నీ కాలు గురించి అడగమంది. నల్లేరు పచ్చడి పంపిస్తానంటోంది, ఎముక అతుక్కుంటుందట. ఐసుపెట్టెలో పెడితే మీ మిషన్ దాన్ని కూడా తూచేస్తుందేమోనని ఆపాను.

మావయ్య


హైదరాబాద్,
అక్టోబరు చివర

మావయ్యా,

ఒక్క అనుమానం తీర్చు. కోప్పడకు.

సిద్ధార్థ గారు నవంబరు ఆఖర్లో పెద్ద సభలో మన ఫలితం ప్రకటిస్తానంటున్నారు. నేను రాసుకుంటూ కూర్చుంటే ఒకచోట బండి ఆగిపోయింది. ఆకు నోరు మూసుకుంటే ఆవిరి పోదు, నిజమే. కానీ గాలి కూడా లోపలికి పోదు. గాలి లేకపోతే అన్నం వండుకోలేదు. అలాంటి మొక్క ఎదగకూడదు కదా. మరి నువ్వేమో రత్తయ్య గారి చెరకు మనిషికి రెండింతలు పెరిగిందని రాశావు. సారుని అడిగితే డెల్టా మొక్కలకి డెల్టా మొక్కల దారి ఉంటుందన్నారు.

నిన్న సీసాని దీపానికి అడ్డంగా పెట్టి చూశాను. లోపలి గోడకి నీటి బొట్లు ఉన్నాయి. ఐసు వల్ల చెమర్చిందేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ. కానీ బొట్లు మరీ ఎక్కువగా ఉన్నాయి.

ఆకు కోసిన దగ్గర నుంచి మూత పెట్టేదాకా నువ్వు ఏమేం చేస్తావో ఒక్కటీ వదలకుండా రాసి పంపు. చిన్నదని వదిలెయ్యకు.

మనోజ్ఞ


వన్ టౌన్, విజయవాడ,
నవంబరు

అమ్మాయ్,

కోపమెందుకు? పని తెలుసుకోవాలని అడిగావు, సంతోషించాను. నా తరవాత ఈ విద్య ఎవరికి చెప్పాలా అని దిగులుగా ఉండేది.

ఆకు కొయ్యగానే బోదెలో ఒకసారి ముంచి తీస్తాను. దుమ్ముతో సరుకు పంపడం తప్పు. తడిగుడ్డలో చుట్టి నీడకి తెస్తాను, అక్కడ ముక్కలు చేసి సీసాలో వేస్తాను. ఆ తరవాత కుడిచేతి వేళ్ళు చెంబులో ముంచి మూడు విసుర్లు చిలకరిస్తాను. నాలుగో విసురు పడితే ఆకు కుళ్ళుతుంది, రెండే పడితే సాయంత్రానికి తల వేలాడేస్తుంది. ఇది మా నాన్న చేతి కొలత. తమలపాకైనా, అరిటాకైనా, మీ హైదరాబాద్ ఆకైనా కొలత ఒకటే. అప్పుడు మూత బిగిస్తాను. కలబంద ముక్కల్ని మాణిక్యమ్మ గారు చేదు పోయేదాకా కడిగి ఇస్తారు. కడగని కలబంద ఆవిడ గడప దాటనివ్వరు.

కార్పొరేషన్ పంపు నీళ్ళు వాడానేమోనని నీ భయమైతే నిశ్చింతగా ఉండు. ఆ చేలో పారే కృష్ణ నీళ్ళే చల్లాను. ఒక్క చుక్క పోకూడదన్నావు. దారిలో ఏదన్నా పోతే పోయిందని ముందే నాలుగు చుక్కలు పైన వేస్తున్నాను. కొసరు వెయ్యకుండా సరుకు పంపడం మన ఇంటా వంటా లేదు.

మీ సారుకి కూడా ఈ కొలత చెప్పు. ఆయన పుస్తకంలో వేసుకుంటానంటే నాకు అభ్యంతరం లేదు.

మావయ్య


హైదరాబాద్,
నవంబరు

మావయ్యా,

నీ కొసరే నా కొంప ముంచింది.

ఇన్నాళ్ళూ మిషన్ తూచింది ఆకులో నీళ్ళు కాదు, నీ చెంబులో నీళ్ళు. డెల్టా మొక్కలు నోరు మూసుకోలేదు. కొత్త సిద్ధాంతమూ లేదు, ఏమీ లేదు. మూడు నెలలుగా ప్రపంచంలో అతి ఖరీదైన మిషన్ పెట్టుకుని నేను పంటబోదెని తూస్తున్నాను.

తప్పు నీది అనను. ఆకు మీద నీళ్ళు చల్లకూడదని నేను రాయలేదు. ఏ పుస్తకంలోనూ రాసి లేదు, చల్లేవాడు ఒకడు ఉంటాడని ఎవరికీ తోచలేదు. కానీ నాకు ఏడుపు ఆగడం లేదు.

ఇంక పంపకు. వరి కోతలు వచ్చేశాయి కదా. ఐపోయింది.

మనోజ్ఞ


వన్ టౌన్, విజయవాడ,
నవంబరు

మనోజ్ఞకు,

నీ ఉత్తరం అందింది. ఇది ఎవరికీ చదివి వినిపించలేదు.

రత్తయ్య గారి వరి ఇంకా చేలోనే ఉంది. ఆయనది ఆలస్యంగా నాటిన మడి, ఆకు ఇంకా పచ్చగానే ఉంది. పొడి ఆకులు కావాలంటే పొడి ఆకులే పంపిస్తానని నీ ఉత్తరం చూసిన రోజే బయల్దేరాను. చెంబు ఇంట్లోనే వదిలేశాను.

వెళ్ళి కోశాను. సీసాలో వేశాను. మూత అందుకుని చూస్తే ఆకు మీద నీళ్ళున్నాయి. రత్తయ్య గారిని అడిగితే, మీరే కదండీ బోదెలో చెయ్యి ముంచి చల్లారు అన్నాడు. నాకు తెలియదమ్మా. నిజంగా తెలియదు. ఇంకో సీసా తీశాను, అదే జరిగింది. బోదెకి దూరంగా వెళ్ళి కోస్తే నా మంచినీళ్ళ సీసా మూత తీసి చల్లాను. కుడిచేతిని కండువాతో నడుముకి కట్టించుకున్నాను. ఎడం చెయ్యి ఎప్పుడు నేర్చుకుందో ఏమో, అది చల్లింది.

మరి నువ్వే కొయ్యవయ్యా అని రత్తయ్య గారికి కత్తెర ఇచ్చాను. ఆయనకి చేతులు వణుకు, రెండు సీసాలు పగిలాయి. మాణిక్యమ్మ గారికి ఇస్తే వరి ఆకు కూడా కడిగి తెచ్చారు. ఆవిడ చేతికి ఏది ఇచ్చినా కడిగే వస్తుంది.

నలభై ఏళ్ళు ఈ చెయ్యి పెట్టిన అన్నం తిన్నాను. ఇప్పుడు అదే నా మాట వినకుండా నీ చదువు పాడు చేస్తుంటే ఏం చెయ్యాలో తెలియడం లేదు. నువ్వు తిట్టి ఉంటే బాగుండేది. తప్పు నీది అనను అని రాశావు, అది ఎక్కువ బాధగా ఉంది.

లక్ష్మీకాంత్


హైదరాబాద్,
నవంబరు ఆఖరు

మావయ్యా,

నీ ఉత్తరం చదివాను. కోపంలో రాసినందుకు సిగ్గుగా ఉంది. నీ పేరు మాత్రమే రాసి సంతకం చేశావు, మావయ్య అని రాయలేదు. అలా రాయకు.

సిద్ధార్థ గారికి నిజం చెప్పాను. సభకి అంతా సిద్ధమయ్యాక నిజం ఇప్పుడెందుకు వచ్చిందమ్మా అన్నారు. తరవాత ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. మీ మావయ్య గారు గోదావరి డెల్టాలో కోసినా ఇదే ఫలితం వస్తుంది కదా అన్నారు. వస్తుందన్నాను. మరి కావేరీలో? అక్కడా వస్తుందన్నాను. ఐతే ఇది అన్ని డెల్టాలకీ వర్తించే నియమం కదా అన్నారు. ఆయన ఎగతాళికి అనడం లేదు మావయ్యా, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

నేను ఒప్పుకోలేదు. అబద్ధమని తెలిసి నా పేరుతో రాయలేనని చెప్పాను. అలాగైతే వరి కోసేలోగా సరైన ఆకులు తెప్పించు, రాకపోతే థీసిస్ లేదు, నేను సంతకం పెట్టను అని, సభకి రావడం లేదని కబురు పంపించి వెళ్ళిపోయారు.

ఒక్క రోజు ఆకులు చాలు. మూడు మొక్కలవీ, పైన తడి తగలకుండా. ఆ ఒక్క రోజు అంకెలతో ఎలాగో గట్టెక్కుతాను. ఎలా చేస్తావో నాకు తెలియదు. నీ చేతిని తిట్టకు. చిన్నప్పుడు జ్వరం వస్తే నా నుదుటి మీద తడిగుడ్డ వేసింది అదే.

మనోజ్ఞ


కంకిపాడు,
డిసెంబరు మొదట్లో

అమ్మాయ్ మనోజ్ఞా,

ఇది రత్తయ్య గారి వసారాలో కూర్చుని రాస్తున్నాను. పెట్టె పక్కనే ఉంది. మూతలన్నీ బిగించాం.

ముగ్గురం కూర్చుని ఆలోచించాం. కొయ్యడం నాకు వచ్చు, చల్లకుండా ఉండడం రాదు. రత్తయ్య గారికి చల్లే అలవాటు లేదు, సీసా నిలవదు. మాణిక్యమ్మ గారి చెయ్యి నిలకడైంది, కడగకుండా ఉండదు. చివరికి ఆవిడే దారి చెప్పారు. రత్తయ్య గారు నా కుడిచెయ్యి గట్టిగా పట్టుకోవాలి, నేను ఎడంచేత్తో కొయ్యాలి, కోసింది కోసినట్టు ఆవిడ పట్టుకున్న సీసాలో పడాలి, ఆవిడ వెంటనే మూత పెట్టాలి. ఎడంచేతిలో కత్తెర ఉంటుంది కాబట్టి అది ఏమీ చెయ్యలేదు. విచిత్రం ఏమిటంటే, నా చెయ్యి పట్టుకున్నంతసేపూ రత్తయ్య గారి వణుకు ఆగిపోయింది.

తెల్లవారకముందు కలబంద కోశాం. కడగకుండా మూత పెట్టినందుకు మాణిక్యమ్మ గారు పొద్దున్నే దేవుడి గదిలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

మధ్యాహ్నం చేలోకి దిగేసరికి వరికోత మిషన్ వచ్చి గట్టు మీద ఉంది. డ్రైవరు జోయెల్ తొందరపడుతున్నాడు, సాయంత్రం ఇంకో ఊళ్ళో కొయ్యాలట. ఇద్దరం చెయ్యీ చెయ్యీ పట్టుకుని, వెనకాల గాజు సీసాతో మాణిక్యమ్మ గారు, ముగ్గురం చెరకు తోటలో ఆకు కోసి వరి మడిలోకి నడుస్తుంటే చుట్టుపక్కల కళ్ళాల్లో ఉన్నవాళ్ళందరూ పని ఆపేశారు. ఒకాయన గట్టు మీదికి వచ్చి ఇదేం వ్రతమండీ అని అడిగాడు. రత్తయ్య గారికి నోటికి ఏదొస్తే అది అనే అలవాటు కదా, వానల కోసమండీ అన్నాడు.

కోతల రోజుల్లో ఆ మాట అనొచ్చా చెప్పు. ఎక్కడికక్కడ ధాన్యం ఆరబోసుకుని ఉన్నారు. కళ్ళాలు వదిలి అందరూ మా మీదికి వచ్చారు. "ఇప్పుడు వానొస్తే మా గతేంటండీ? ఆపండి ముందు" అని ఒకాయన రత్తయ్య గారి భుజం పట్టుకుని గుంజాడు. రత్తయ్య గారు నా చెయ్యి వదల్లేదు. నేను కత్తెర వదల్లేదు. గుంజులాటలో అటూ ఇటూ ఊగుతూనే వరి ఆకు కోశాను. మాణిక్యమ్మ గారు అందరినీ తప్పించుకుని సీసా పట్టారు, మూత పెట్టారు, అప్పుడు గట్టెక్కి వాళ్ళందరికీ గట్టిగా చెప్పారు. "వాన రాదు. ఇది మా లక్ష్మీకాంత్ గారి మేనకోడలి చదువుకి." చదువుకని తెలిశాక అందరూ కళ్ళాల్లోకి వెళ్ళిపోయారు. జోయెల్ మిషన్ ఎక్కాడు. మేం గట్టు దాటకముందే మడి సగం కోసేశాడు.

సీసాలో ఆ ఆకుల్ని చూడలేక పెట్టె మూసేశాను. పైన ఒక్క బొట్టు లేదు, కొసరు లేదు. అలాంటి సరుకు నా జన్మలో ఎవరికీ పంపలేదు. నీకే పంపాల్సి వచ్చింది.

అందగానే రాయి.

మావయ్య


హైదరాబాద్,
డిసెంబరు

మావయ్యా,

వచ్చాయి. ఆకులు ముడుచుకుపోయి, అంచులు మడతపడి, చూడ్డానికి దరిద్రంగా ఉన్నాయి. ఇంత అందమైన ఆకులు నేను చూడలేదు.

రెండు రోజులు మిషన్ దగ్గరే కూర్చున్నాను. మూడూ మూడు రకాలుగా వచ్చాయి. మధ్యాహ్నం చెరకు అన్నిటికన్నా బరువెక్కింది, వరి దాని కింద ఉంది. కలబంద తన దారి తనదన్నట్టు వేరుగా ఉంది. ఎక్కడ ఉండాలో అక్కడ ఉన్నాయి. జెస్సికా నన్ను పట్టుకుని గెంతింది, నేను కాలు వల్ల గెంతలేకపోయాను. సిద్ధార్థ గారు కాగితం చూసి, కొత్త సంగతేమీ లేదన్నమాట అన్నారు. లేదండీ, సరైన సంగతే ఉంది అన్నాను. పెన్ను తీసి సంతకం పెట్టారు. నిన్న మధ్యాహ్నం థీసిస్ ఆఫీసులో ఇచ్చేశాను. గడువు దాటలేదు.

చివరి ప్రతి బైండింగుకి వెళ్ళేముందు మొదటి పేజీలో సాయం చేసినవాళ్ళ పేర్లు వెయ్యాలి. నీది అన్నిటికన్నా పైన వేస్తున్నాను. "లక్ష్మీకాంత్ గారు, ఆకుల హోల్‌సేల్ వర్తకులు, వన్ టౌన్, విజయవాడ" అని రాశాను. సరిగ్గా ఉందో లేదో చూసి చెప్పు. రత్తయ్య గారి పేరు, మాణిక్యమ్మ గారి పేరు నీ కిందే ఉన్నాయి.

శాలువా ఎప్పుడు కప్పుతున్నారు? ఎవరి చేతనైనా ఫోటో పంపించు.

మనోజ్ఞ


వన్ టౌన్, విజయవాడ,
డిసెంబరు ఆఖరు

అమ్మాయ్ మనోజ్ఞా,

థీసిస్ ఇచ్చేశావని చదివి మీ అత్తయ్య, నేను ఇద్దరం ఏడ్చాం. ఆవిడ పరవాన్నం చేసింది. ఉప్పు, పంచదార ఎక్కడ పడాలో అక్కడే పడ్డాయి.

ఇక్కడ చిన్న సంగతి జరిగింది. నువ్వు బాధపడతావని చెప్పకూడదనుకున్నాను. కానీ మన ఇద్దరి మధ్యా ఏదీ వదలకుండా రాసుకోవడం అలవాటైపోయింది.

కంకిపాడు నుంచి వచ్చాక కొట్టు తెరిచాను. తమలపాకుల బుట్టలు దించారు, అరిటాకు కట్టలు వచ్చాయి. ఎప్పటిలా పక్కన చెంబు పెట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నానికి ఆకులన్నీ తలలు వాల్చేశాయి. నీళ్ళు తక్కువ ఉన్నాయేమోనని చెంబులోకి చూస్తే అంచుదాకా అలాగే ఉన్నాయి. నా చెయ్యి ఒడిలో ఉంది. చల్లాలని తెలుసు, కానీ ఎవరో మణికట్టు దగ్గర పట్టుకున్నట్టుంది. లేవడం లేదు. ఆ సాయంత్రం ఒక పెళ్ళివారికి ఆ ఆకులే వెళ్ళాయి. రాత్రి వాళ్ళు ఫోన్ చేసి అన్న మాటలు ఆటోల గోలలో కూడా నాకు బాగా వినపడ్డాయి.

అబ్రహాము గారు శాలువా సంగతి తరవాత చూద్దామన్నారు. ఆయన తప్పేమీ లేదు. వాడిన ఆకులు అమ్మేవాడికి శాలువా కప్పితే సంఘం పరువేం కావాలి?

రత్తయ్య గారు విని ఊరుకోలేదు. తన అరిటాకులు నా కొట్లో ఎండిపోతుంటే చూడలేక, రోజూ ఉదయం బస్సులో వచ్చి నా పక్కన కూర్చుంటున్నాడు. నా చెయ్యి పట్టుకుని చెంబులో ముంచి, పైకెత్తి విసురుతున్నాడు. ఆయనకి మళ్ళీ వణుకు వచ్చింది కాబట్టి మూడు విసుర్లు ఏడెనిమిది అవుతున్నాయి. సగం నీళ్ళు కొనేవాళ్ళ మీదే పడుతున్నాయి. మెల్లగా అలవాటు తిరిగొస్తుందిలే, నువ్వు దిగులు పెట్టుకోకు. రాకపోయినా ఫరవాలేదు. దేనికి పోయిందో నాకు తెలుసు కాబట్టి నాకేమీ నష్టంగా లేదు.

నీ పుస్తకం సంగతి. నా పేరు పైన వేస్తున్నావని చదివి గర్వంగా ఉంది, అబద్ధం ఎందుకు. కానీ ఆకుల వర్తకుడు అని మాత్రం వెయ్యకు తల్లీ. ఆ పుస్తకం ఎప్పుడన్నా వన్ టౌన్‌కి వస్తుంది, ఎవరో ఒకరు తిరగేస్తారు, లక్ష్మీకాంత్ చుక్క నీళ్ళు చల్లకుండా హైదరాబాద్‌కి ఆకులు పంపాడని తెలిసిపోతుంది. మా నాన్న పేరు కూడా ఆ కొట్టు మీదే ఉంది.

మా మావయ్య అని రాయి. అంతే చాలు.

నీ మావయ్య